ఖాళీ బోను

మా పీపీ గారు లంచం తిని హంతకుణ్ణి వదిలేశారని ఊరంతా అంటోంది. అది అబద్ధం. కాస్త జాలి ఉన్నవాళ్లు, పాపం ఆయనకు మతి తప్పింది అంటారు. అదీ అబద్ధమే. ఈ రెండు మాటలూ నా టీకొట్టు బల్ల మీదే పుట్టి, అక్కడే కాళ్లొచ్చి ఊరి మీద పడ్డాయి. నా బల్ల నేనే తుడుచుకోవాలి కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా కొట్టు కోర్టు ఆవరణలో, సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డును ఆనుకుని ఉంటుంది. ఎదురుగా మెట్లు, మెట్లెక్కితే వరండా, వరండా చివర పీపీ గారి గది. ఆ కిటికీలోంచి ఆయన "అక్కా" అని కేకేస్తే నాకు వినబడుతుంది. కొత్తలో పీపీ అంటే పిల్లలు ఊదే బూర తప్ప నాకేం తెలియదు. తర్వాత తెలిసింది, ఎవరైనా ఎవరినైనా చంపినా, కొట్టినా, దోచినా, నష్టపోయినవాళ్ల తరపున సర్కారు నిలబెట్టే వకీలని. తక్కిన వకీళ్లకు కక్షిదారులుంటారు, వెనకాల సంచీ మోసేవాళ్లుంటారు. ఈయన వెనకాల ఈయన నీడ తప్ప ఎవరూ ఉండరు. గెలిస్తే భుజం తట్టే దిక్కు లేదు. ఓడితే మాత్రం తిట్టడానికి ఊరు ఊరంతా సిద్ధం.

మనిషి పొడుగు, సన్నం, కాస్త వంగి నడుస్తారు. నల్లకోటు ఒంటి మీద నిలవదు. వాళ్లావిడ పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ నా దగ్గర ఆగుతుంది. ఆవిడ నోరు ఊరుకోదు. ఒకసారి ఆయన మెట్లు దిగి వస్తుంటే చూసి, "అక్కా, చిలక్కొయ్యకు కోటు తగిలించడం చూశాను గానీ, కోటేసుకుని చిలక్కొయ్యే నడిచి రావడం ఈయన్నే చూశాను" అంది. ఆయన కూడా నవ్వారు. ఆ రోజుల్లో నవ్వేవారు లెండి.

ఆయనకో పద్ధతి ఉండేది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

సాక్షులంటే ఎవరు? మనలాంటివాళ్లే. కూరగాయలు అమ్మేవాళ్లు, గోడలు కట్టేవాళ్లు. ఏదో చూస్తారు, పోలీసులు రాసుకుంటారు, ఏళ్లు గడిచాక ఒకరోజు కోర్టుకు రమ్మంటారు. లోపలికెళ్లి ఆ ఎత్తు కుర్చీలో జడ్జి గారిని, నల్లకోట్ల గుంపును చూసేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. సొంత పేరడిగినా నీళ్లు నములుతారు. ఇక తమ వాళ్లను పొడిచినవాడు ఎదురుగా నిలబడి గుడ్లురుముతుంటే నోరెలా పెగులుతుంది? అందుకని సాక్ష్యం చెప్పే రోజు పొద్దున్నే పీపీ గారు వాళ్లను తన గదిలో కూర్చోబెట్టి, నా చేత టీ తెప్పించి, చిన్నపిల్లలకు నచ్చజెప్పినట్టు చెప్పేవారు.

"లోపలికెళ్లాక కుడివైపు చెక్క బోను ఉంటుంది. వాడు అందులో నిలబడి ఉంటాడు. వాడి ముఖంలోకి చూడక్కర్లేదు. చూస్తే భయమేస్తుంది. నేను 'ఎవరు' అని అడగ్గానే బోను వైపు వేలు చూపించి 'వాడే' అను. అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

ఎంత మంచి మాట! నేను టీ గ్లాసులు పెడుతూ ఎన్నిసార్లు విన్నానో. ఆ మాటతో ఎంతమందికి ఊపిరి వచ్చిందో. చెయ్యి వణక్కుండా చూపించేవారు. ఆయన గెలిచేవారు. ఆయన చేతిలో కేసు పడితే జైలు తలుపు తీసి పెట్టుకోవాల్సిందేనని పోలీసులు అనుకునేవారు.

ఇక ఆ కేసు. కలప డిపోలో కాపలా ఉండే కుర్రాణ్ణి తెల్లారకముందే ఎవరో పొడిచేశారు. వాడు వాళ్లమ్మకు ఒక్కడే. ఆవిడ రోజూ చీకటుండగానే లేచి వాడికి అన్నం క్యారేజీ పట్టుకెళ్లేది. ఆ రోజు గేటు దాటి లోపలికి అడుగుపెట్టేసరికి దుంగల పక్కన కొడుకు పడి ఉన్నాడు, ఎవడో ఆవిడను తోసుకుంటూ పారిపోయాడు. క్యారేజీ గిన్నెలు దొర్లుకుంటూ పోయాయి. ఆవిడ కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని అరుస్తూనే ఉందట, తెల్లారేదాకా ఎవరూ రాలేదట.

ముందురోజే డిపో గేటు దగ్గర ఆ కుర్రాడికీ, అద్దాలు కోసేవాడికీ గొడవైంది. అద్దాలు కోసేవాడంటే తోపుడు బండి మీద అద్దపు పలకలు పెట్టుకుని, కిటికీలకు కొలిచి బిగించే మనిషి. బండి గేటుకు అడ్డంగా పెట్టాడని మాటా మాటా పెరిగి, "రేపు పొద్దుటికి నువ్వుంటావో లేదో చూద్దాం" అన్నాడట పదిమంది ముందు. నోటిదూలకు ఫలితం చూడండి. తెల్లారేసరికి మనిషి నిజంగానే లేడు. పోలీసులు వీణ్ణి పట్టుకొచ్చారు. బండిలో అద్దాలు కోసే పనిముట్లు, చేతి మీద కోతలు. అద్దాలు కోసేవాడి చేతి మీద కోతలు లేకపోతేనే వింత గానీ, ఆ మాట ఎవరు వింటారు?

కొడుకు పోయిన ఆ తల్లిని మేమందరం పెద్దమ్మ అనేవాళ్లం. సాక్ష్యం చెప్పే రోజు ఆవిడ పీపీ గారి గదిలో కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే చెప్పారు, ముఖం చూడక్కర్లేదు, వేలు చూపించు చాలు అని. ఆవిడ లోపలికెళ్లింది, చూపించింది. "వాడే నా బిడ్డను పొడిచింది" అని ఆవిడ పెట్టిన కేక నా కొట్టు దాకా వినబడింది. ఆ రోజు కోర్టులో కళ్లు తుడుచుకోనివాడు లేడన్నారు. అద్దాలు కోసేవాడి వకీలు ఒకాయన ఉన్నాడు, ప్రశ్నకో దగ్గు దగ్గుతాడని దగ్గు వకీలు అంటారు. ఆయన కూడా రెండు దగ్గులు దగ్గి కూర్చున్నాడట. ఇక శిక్ష ఖాయం అనుకున్నారు. ఉరి అని కొందరు, యావజ్జీవం అని కొందరు నా బల్ల మీద వాదించుకున్నారు.

తర్వాతి వాయిదాకు శవపరీక్ష చేసిన డాక్టరు గారు వచ్చి సాక్ష్యం చెప్పాలి. పెద్దమ్మ ప్రతి వాయిదాకూ వచ్చేది, పనున్నా లేకపోయినా. లోపలికి మాత్రం పోకుండా వరండాలోనే కూర్చునేది. ఆ రోజు ఎండ మండిపోతోంది. భోజనం వేళకు మెట్లు దిగుతూ ఆవిడ కళ్లు తిరిగి కూలబడిపోయింది. వరండాలో నీళ్ల డ్రమ్ము ఉంది గానీ దాని గ్లాసు గొలుసుతో కట్టేసి ఉంటుంది. డ్రమ్ము దగ్గరున్న మనిషి ఒక ఉరుకున నా కొట్టుకొచ్చి గ్లాసు లాక్కుని, నీళ్లు పట్టుకుని, ఆవిడ తల చేతి మీద ఆనించుకుని తాగించాడు. ఎవరనుకున్నారు? వాడే, అద్దాలు కోసేవాడు. బెయిలు మీద బయటున్నాడు.

పీపీ గారు అప్పుడు నా కొట్టు ముందే నిలబడి ఉన్నారు, చేతిలో టీతో. ఇప్పుడావిడ కళ్లు తెరిచి వీణ్ణి చూస్తుంది, గుండె ఆగి చస్తుంది, లేదా వీడి ముఖం రక్కేస్తుంది అనుకున్నాను.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. వాడి ముఖంలోకి చూసింది. వాడి చెంప నిమిరింది.

"ఎవరి బిడ్డవో నాయనా, నిన్ను కన్న కడుపు చల్లగా ఉండాలి. నా కొడుకూ నీ అంతే ఉండేవాడు" అంది.

వాడు గ్లాసు అక్కడ పెట్టేసి లేచి, సైకిళ్ల షెడ్డు వెనక్కి పోయాడు. గ్లాసు తెచ్చుకోవడానికి వెళ్లి చూస్తే, గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. "అక్కా, ఆమె నన్ను క్షమించేసిందా? చెయ్యనిదానికి క్షమించడమేంటక్కా?" అన్నాడు. వాడికి ఇంకోలా తోచలేదు మరి.

తిరిగొచ్చేసరికి పీపీ గారు అలాగే నిలబడి ఉన్నారు. టీ మీద మీగడ కట్టింది. "వేడిది ఇమ్మంటారా?" అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, మెట్లెక్కి గదిలోకెళ్లి తలుపు వేసుకున్నారు.

మర్నాడు పెద్దమ్మను పిలిపించారు. నేను టీ తీసుకెళ్లాను. ఆయన నన్ను పొమ్మనలేదు.

"అమ్మా, నిన్న నీకు నీళ్లిచ్చింది ఎవరు?"

"ఎవరో పుణ్యాత్ముడు బాబూ. మీ ఆఫీసు మనిషి కాదూ?"

"చీకట్లో పారిపోయినవాడి ముఖం చూశావా నువ్వు?"

"చూశానని రాసుకున్నారు కదా పోలీసులు."

"పోలీసుల మాట కాదు. నువ్వు చూశావా?"

"వీపు చూశాను. తోసేస్తే కింద పడ్డాను కదా. పోలీసులు ఒకణ్ణి పట్టుకొచ్చామని, వాడేనమ్మా అని చెప్పారు. ఒట్టినే ఎందుకు పట్టుకొస్తారు?"

"మరి కోర్టులో ఎలా చూపించావు?"

ఆవిడ ఆయన్ను వింతగా చూసింది. "అదేంటి బాబూ, మీరే కదా చెప్పారు, ముఖం చూడొద్దు, బోను వైపు వేలు చూపించమని."

నేను ఇన్నేళ్లలో ఎంతోమందికి శిక్ష పడగా చూశాను. కుర్చీలో కూర్చున్న మనిషికి కూర్చున్నచోటే శిక్ష పడడం అప్పుడే చూశాను.

ఆయన నోరు మూసుకుని ఉంటే కథ కంచికే. చూసింది మేమిద్దరం. దగ్గు వకీలు ఆ రోజు వేరే కోర్టులో ఉన్నాడు. టీ అమ్ముకునేదాని మాట ఎవడు నమ్ముతాడు? ఇక ఒక్క వాయిదాలో వాదనలు చెప్పేస్తే చాలు, ఆయన ఖాతాలో ఇంకో గెలుపు, పెద్దమ్మకు కడుపు మంట చల్లారడం, ఊరికి న్యాయం. వీడొక్కడికే జైలు. వీడు చేశాడో లేదో కూడా ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ అన్నది జడ్జి గారి ముందు పెడతానని పీపీ గారు అన్నారు. సంగతి తెలిసి ఇన్‌స్పెక్టరు ఉరుక్కుంటూ వచ్చాడు. "సార్, ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. మీరు నడిమధ్యలో తగలేస్తానంటున్నారు. అందరం మునుగుతాం సార్."

"మనం మునిగితే ఈత కొట్టుకోవచ్చు. వాణ్ణి కాళ్లూ చేతులూ కట్టి పడేశాం" అన్నారాయన.

ఇంట్లో ఏం జరిగిందో నర్సమ్మ, అదే వాళ్లావిడ, తర్వాత చెప్పింది. ఆవిడ దెబ్బలాడిందట. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి ఆ రోజు ఏడ్చిందట. "ఆ తల్లికి ఇంకేం మిగిలింది చెప్పండి? కొడుకుని చంపినవాడికి శిక్ష పడుతుందన్న ఒక్క ఆశ. దాన్ని కూడా మీ చేత్తో పీకేస్తారా? మీకు మీ మనసు శుభ్రంగా ఉంటే చాలు, అంతేనా?"

ఆయన అన్నది ఒకటే మాటట. "వేలు ఆవిడది. చూపించింది నేను."

పెద్దమ్మను మళ్లీ సాక్షిగా పిలిపించాలని పీపీ గారే అర్జీ పెట్టారు. గెలవబోతున్న కేసులో సర్కారు వకీలే ఇలా అడగడం ఆ కోర్టులో ఎన్నడూ లేదు. "మీరు ఎవరి తరపున సార్?" అని జడ్జి గారే అడిగారట. అయినా ఒప్పుకున్నారు.

ఆ రోజు నేను కొట్టు మూసేసి లోపలికెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. పీపీ గారి కోరిక మీద ముద్దాయిని బోనులో నిలబెట్టలేదు. జనం మధ్యలో, మామూలు చొక్కాతో, నాకు ముందు వరసలో కూర్చోబెట్టారు. బంట్రోతు పిలిచాడు. పెద్దమ్మ వచ్చి నిలబడింది. అలవాటుగా కుడివైపు తిరిగింది.

బోను ఖాళీ.

ఆవిడ జడ్జి గారి వైపు తిరిగింది. "ఏడీ? వాడేడీ? వదిలేశారా?"

"వదల్లేదమ్మా. ఈ గదిలోనే ఉన్నాడు." అన్నారు పీపీ గారు. "నెమ్మదిగా అందరి ముఖాలూ చూడు. నీ కొడుకుని పొడిచినవాడు ఎవరో చూపించు."

ఆవిడ ఒక్కొక్కరినే చూస్తూ వచ్చింది. ఎంతసేపు చూసిందో! దగ్గు వకీలు దగ్గడం మర్చిపోయాడు. ఆవిడ కళ్లు మా ముందు వరస దాకా వచ్చి ఆగాయి. ముఖం విప్పారింది. వేలు ఎత్తింది.

"ఆ బిడ్డ కాదు" అంది పెద్దమ్మ. "ఆ రోజు నాకు నీళ్లిచ్చాడు. ఆ నాయనను పక్కన పెట్టండి. మిగతావాళ్లలో చూస్తాను."

జడ్జి గారు కలం కింద పెట్టేశారు. కాసేపటికి, ముద్దాయి లేచి తన చోటికి వెళ్లాలన్నారు. వాడు లేచాడు. నడిచాడు. బోనులోకి ఎక్కి నిలబడ్డాడు. పెద్దమ్మ వాణ్ణి చూసింది, బోనును చూసింది, మళ్లీ వాణ్ణి చూసింది. అప్పుడామెకు అర్థమైంది. అరవలేదు, ఏడవలేదు. పీపీ గారి వైపు తిరిగి, "నా కొడుకుని ఒకడు చంపాడు. నన్ను నువ్వు అబద్ధాలకోరును చేశావు బాబూ" అంది.

కేసు కొట్టేశారు. నేను మొదట చెప్పిన ఆ మాటలు అప్పుడు మొదలయ్యాయి, రాళ్లు కూడా. ఆయన ఉండేది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మేడ మీద. ఎవరో రాయి విసిరి ముందు గది కిటికీ అద్దం పగలగొట్టారు. దాన్ని బాగుచేయడానికి ఎవరొచ్చారో చెప్పుకోండి. అద్దాలు కోసేవాడే. ఎవరూ పిలవలేదు. బండి కింద ఆపి, మేడెక్కి, కొలత తీసుకుని, అద్దం కోసి బిగించి, చేతులు తుడుచుకుని దిగిపోయాడు. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నారట. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

"అడగాలనిపించలేదా పీపీ గారూ? చేశావా లేదా అని?" అన్నాను.

"అడిగితే చెయ్యలేదంటాడక్కా. చేసినవాడూ అదే అంటాడు."

అసలు చంపిందెవడో ఈ రోజుకీ తేలలేదు. పోలీసులు ఆ కేసు గురించి మాట్లాడటమే మానేశారు. పెద్దమ్మ కొన్నాళ్లు అలవాటు కొద్దీ వచ్చి వరండాలో కూర్చునేది. బంట్రోతు ఎవరినో పిలిస్తే తననేమోనని లేచేది. తర్వాత రావడం మానేసింది. ఆవిడ అక్క కూతురు తీసుకుపోయిందని విన్నాను.

పీపీ గారి దగ్గర్నుంచి కేసులన్నీ లాగేసుకున్నారు. పోస్టు పీకలేదు గానీ, గదిలో ఖాళీగా కూర్చోబెట్టారు. అంతకంటే పీకేయడమే నయం. ఆయన్ను తినేసింది మాత్రం అది కాదు. ఒకరోజు టీ తాగుతూ, తాగుతూ ఆగి, తన చేతి వేలిని చూసుకుంటూ అన్నారు. "అక్కా, ఇన్నేళ్లు నా గదిలో టీ తాగి వెళ్లి ఎంతోమంది వేళ్లు చూపించారు. వాటిలో వాళ్లు చూసి చూపించినవి ఎన్ని? నేను చెప్పినందుకు చూపించినవి ఎన్ని?"

"వాళ్లలో చాలామంది దుర్మార్గులే లెండి" అన్నాను. "అవును, చాలామంది" అన్నారాయన. ఆ 'చాలామంది' దగ్గరే ఉండిపోయారు మనిషి.

పాత కేసుల్లో కొన్ని తిరగతోడాలని పైవాళ్లను అడిగారు. పైవాళ్లు నవ్వారు. జైలుకెళ్లి తాను పంపినవాళ్లను ఒక్కొక్కరినీ కలవడం మొదలుపెట్టారు. ఒకడు ఆయన ముఖం మీద ఉమ్మాడు. ఒకడు మాత్రం, ముసలాడైపోయాడట, "ఎందుకొచ్చారు బాబూ, ఇంకెవరికి శిక్ష వేయించడానికి?" అని మర్యాదగా అడిగాడట. ఆ రోజు ఇంటికెళ్లిన మనిషి మళ్లీ కోర్టుకు రాలేదు. సెలవు మీద సెలవు పెడుతున్నారు. నర్సమ్మ ఆసుపత్రికి పోతే ఇంట్లో ఆయనొక్కరే. పగలంతా ఆ కొత్త అద్దం కిటికీ ముందు కూర్చుంటారు. చూసేది వీధినో, అద్దాన్నో తెలియదు. "నా రోగులైనా నయం. నొప్పి ఎక్కడో చూపిస్తారు" అంది నర్సమ్మ మొన్న. జోకు వేద్దామనుకుని మధ్యలో మానేసింది.

నేను రోజూ ఫ్లాస్కులో టీ తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు మోకాళ్లు మేడ మెట్లు ఎక్కనివ్వడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. కుట్టుమిషన్ల దుకాణం పక్క సందులోంచి మెట్లుంటాయి. మీలో ఎవరైనా అటు వెళితే ఒకసారి ఎక్కి చూడండి. తలుపు కొడితే వెంటనే తీయరు, ఆగండి. టీకొట్టు అక్క పంపిందని చెబితే తీస్తారు. నల్లకోటు వేసుకుని వెళ్లొద్దు. కేసు మాట ఎత్తొద్దు. దారి చెప్పడానికైనా సరే, ఆయన ముందు వేలు మాత్రం చూపించకండి. కాసేపు కూర్చోండి, ఆయన మాట్లాడకపోయినా ఫర్వాలేదు. తిన్నారో లేదో కనుక్కుని, వచ్చేటప్పుడు నా కొట్టు మీదుగా వచ్చి మనిషి ఎలా ఉన్నారో ఒక్క మాట చెప్పి పోండి.